గంజి వార్చినట్టు చెత్తనీ వార్చాలి

సంపాదకులకు నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. మీ పత్రిక మా ఇంట్లో చివరికి చేరేది చెత్తబుట్ట అడుక్కి. పొద్దున్నే కాఫీతో మా వారు చదువుతారు. మధ్యాహ్నం అంట్లు సర్దుకున్నాక నేను చదువుతాను. రాత్రి ఆఫీసు నుంచి వచ్చి మా అమ్మాయి గళ్ల నుడికట్టు మొదలుపెట్టి, సగం నింపి వదిలేస్తుంది. మర్నాడు అదే కాగితం నాలుగు మడతలు పడి వంటింట్లో ఆకుపచ్చ బుట్ట అడుగున పరుపులా పడుకుంటుంది. ఆ పరుపు విలువ ఈమధ్యే నాకు తెలిసొచ్చింది కాబట్టి రాస్తున్నాను.

కిందటి వారం మీ లేఖల శీర్షికలో ఒకాయన రాశారు. వాళ్ల వీధికి చెత్త బండి టైముకి రావటం లేదట, ఈ ఎండలకి బుట్టలు కంపుకొట్టి పురుగులు పడుతున్నాయట. బండి రాకపోతే అడగాల్సిందే, నేను కాదనను. కానీ మా అపార్ట్‌మెంటుకి బండి రోజూ వస్తుంది. ఏడుంపావుకి దాని పాట వినపడుతుంది, ఏడున్నరకి వెళ్లిపోతుంది. అయినా మొన్నమొన్నటిదాకా మా బుట్టలూ కంపుకొట్టాయి, వాటికీ పురుగులు పట్టాయి. అంచేత తప్పంతా బండి మీదకి తోసేసే ముందు బుట్టలోకి ఒకసారి తొంగి చూడమని ఆయనకి నా మనవి.

మాది విజయవాడ. నాలుగు అంతస్తులు, 16 ఫ్లాట్లు. మేముండేది కింద. కొనేటప్పుడు మెట్లెక్కే పని లేదు, మోకాళ్లకి హాయి అనుకున్నాం గానీ వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా ఏముందో చూసుకోలేదు. గోడవారగా రెండు పెద్ద డ్రమ్ములు, 16 ఇళ్ల చెత్తా వాటిలోకే. పదకొండేళ్లుగా ఎవరింట్లో ఏం వండుకున్నారో, ఎంత మిగుల్చుకున్నారో నాకు ముక్కుతోనే తెలిసిపోతుంది. ఆదివారం చేపల పులుసు ఎవరు పెట్టుకున్నా సోమవారం నా వంటింట్లోకి వస్తుంది.

ఈ ఉత్తరం రాయటానికి అసలు కారణం మాత్రం ఒక తప్పు. అదీ నాదే. మార్చిలో ఒకరోజు పాత మాగాయ సీసా చేయిజారి గచ్చు మీద భళ్లుమంది. నూనె, మెంతిపిండి, గాజుపెంకులు అన్నీ కలిసిపోయాయి. చీపురుతో చేటలోకి ఎత్తి, రాత్రి మిగిలిన సాంబారన్నంతో పాటే ఒక నల్ల కవర్లో కుమ్మరించి, ముడి బిగించి డ్రమ్ములో పడేశాను. గచ్చు మీద నూనె జిడ్డు ఎలా వదులుతుందా అన్నదే అప్పటి నా టెన్షన్. మర్నాడు పొద్దున బండితో వచ్చే ఆవిడ ఆ కవరు ముడి విప్పి చెయ్యి పెట్టింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. అరవలేదు. అరచేతిని కొంగుతో అదిమిపట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయింది. కొంగు మీద మాగాయ నూనె ఏదో నెత్తురేదో తెలియకుండా రంగు పాకుతోంది. "ఏమైందమ్మా" అంటూ పసుపు డబ్బా పట్టుకుని పరిగెత్తాను. కారం కలిసిన గాజు కోస్తే పసుపేం చేస్తుంది! మా వారు స్కూటర్ మీద తీసుకెళ్లి కట్టు కట్టించి, టీటీ ఇంజెక్షను చేయించి తీసుకొచ్చారు. రెండు కుట్లు పడ్డాయి.

ఆ సీసా నాదేనని చెప్పటానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చెబితే ఆవిడ నవ్వింది. "తెలుసులే అమ్మగారూ. మాగాయ వాసనకే తెలిసిపోయింది. పైనోళ్లంతా కొన్న పచ్చళ్లే గదా తినేది" అంది. నేను తలెత్తలేకపోతుంటే తనే సర్దింది. "గాజు ఎప్పుడో ఒకసారి తగులుద్దండి. రోజూ మా ప్రాణం తీసేది ఈ కవర్ల ముడులు. ఒక్కో కవరు ముడి విప్పాల, కూరలో నుంచి పాల ప్యాకెట్లు ఏరాల. విప్పగానే ఆ నీళ్లు చేతుల మీద కారతాయి, కాళ్ల మీద కారతాయి. నీళ్లే లేకపోతే మాకు సగం పని తగ్గిపోద్ది."

నీళ్లే లేకపోతే అన్న మాట నా చెవిలో ఉండిపోయింది.

మా వారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మా ఇంట్లో దొరకని పనిముట్టు ఉండదు. ఆయన స్ప్రింగు కాటా తీసి ఒకరోజు మా బుట్టని దానికి తగిలించాను. ముగ్గురం మనుషులం, కేజీ నూటయాభై గ్రాములు తూగింది. ఆ చెత్తనే చిల్లుల గిన్నెలో పోసి రాత్రంతా సింకులో వదిలేసి పొద్దున తూస్తే 800 గ్రాములే ఉంది. అంటే 350 గ్రాములు ఉత్త నీళ్లు. వంకాయలు కడిగిన నీళ్లు, గిన్నెలో మిగిలిన పప్పుచారు, కాఫీ పిప్పిలో తడి, పుచ్చకాయ తొక్కల్లోంచి కారింది. 16 ఇళ్లవీ కలిపితే రోజుకి ఐదున్నర లీటర్లు. అంత మురుగుని మూటకట్టి, బండికెక్కించి, డీజిలు పోసి ఊరి బయటికి పంపిస్తున్నాం.

అన్నం వండితే గంజి వారుస్తాం. పెసలు నానబోస్తే నీళ్లు వంచుతాం. గోంగూర కడిగితే జల్లెడలో ఆరబోస్తాం. వార్చటం, వంచటం, పిండటం, వడకట్టటం, ఇన్ని మాటలున్న భాష మనది. ఆ చేతులే చెత్తబుట్ట దగ్గరికి వచ్చేసరికి గిన్నెని గిన్నెలాగే బోర్లిస్తాయి. పులుసు గిన్నె అడుగున రెండు గరిటెలు మిగిలితే అదీ బుట్టలోకే. పైగా అది తడి చెత్తే కదా అని మనకో ధైర్యం. మైకులో రోజూ తడి చెత్త, పొడి చెత్త అని చెప్పీ చెప్పీ మన బుర్రలో తడి చెత్త అంటే నీళ్లోడుతూ ఉండాలి కాబోలు అని పడిపోయిందేమో అని నా అనుమానం. అక్కడ తడి అంటే కుళ్లేది అని అర్థం. నీళ్లు అని కాదు.

కంపు పుట్టేది కూడా ఈ నీళ్ల దగ్గరే. కూరగాయల్లో ముప్పాతిక భాగం పైన నీళ్లే ఉంటాయి, మళ్లీ పైనుంచి మనం పోయక్కర్లేదు. గాలి ఆడుతూ కుళ్లితే తొక్కలు మహా అయితే మట్టి వాసన కొడతాయి. నీళ్లలో మునిగి, పైన కవరు ముడి పడి, గాలి ఆడకుండా కుళ్లితే కాలవ కంపు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు వేరు, అవి వదిలే వాయువులు వేరు. మా డ్రమ్ముల పక్కన పదకొండేళ్లు కాపురం చేశాను కాబట్టి ఆ తేడా నాకు పుస్తకం చదివి తెలియాల్సిన పని లేకపోయింది. ముడి బిగిస్తే వాసన ఆగుతుందని మనం అనుకుంటాం. ఆగదు, ముడి విప్పేవాళ్ల కోసం దాచిపెడతాం, అంతే.

ఇక పురుగుల సంగతి. "రోజూ ఖాళీ చేస్తూనే ఉన్నాం కదా, పురుగులెలా వస్తాయి" అని మా మూడో అంతస్తు ఆయన అడిగారు. బుట్ట ఖాళీ అవుతుంది గానీ అంచు కిందా, అడుగున మూలల్లో జిడ్డు అలాగే ఉంటుంది. ఈగ అక్కడే గుడ్లు పెడుతుంది. మన ఎండలకి ఆ గుడ్డు ఒక్క రోజులోనే పురుగవుతుంది. అది నాలుగైదు రోజులు తిని, గూడు కట్టి, మొత్తం మీద వారం పది రోజుల్లో ఈగై మన పళ్లెం మీదకే వచ్చి వాలుతుంది. అంటే చెత్త రోజూ పోయినా, ఆ మూలల్లో జిడ్డు వారం రోజులు ఉంటే చాలు, ఈగ సంసారం సాఫీగా సాగిపోతుంది. అందుకని చెత్తని ఖాళీ చెయ్యటంతో సగం పనే అయినట్టు.

మిగతా సగం నేను ఇలా చేస్తున్నాను. సింకులో ఓ మూల చిల్లుల గిన్నె పెట్టాను. తొక్కలు, ఈనెలు, టీ పొడి, పళ్లెంలో వదిలేసిన కరివేపాకు ముందు దాంట్లోకే. రాత్రి పడుకునే ముందు పైనుంచి చిన్న పళ్లెంతో ఒక నొక్కు నొక్కి, అప్పుడు బుట్టలో వేస్తాను. పులుసులు, చారు మిగిలితే వడకట్టి ముక్కలే బుట్టలోకి. మూకుట్లో నూనె సింకులో పొయ్యను, కాగితంతో తుడిచేస్తాను. బుట్ట అడుగున మీ పత్రిక పరుస్తాను, మిగిలిన ఆ కాస్త తడిని అది పీల్చుకుంటుంది. చెత్త కుమ్మరించగానే కాగితం కూడా దాంతో పాటే ఊడి వచ్చేస్తుంది, అడుగున ఏమీ అంటదు. ఆదివారం అనుబంధం కాగితం మాత్రం దీనికి పనికిరాదు. నున్నగా ఉంటుంది, చుక్క నీరు పీల్చదు. మామూలు పేజీలే మేలు.

ఏడున్నరకి బండి వెళ్లాక ఒక చెంబు నీళ్లు, కొబ్బరి పీచు, తలంటుకున్నాక మిగిలిన కుంకుడు పిప్పి, లేకపోతే గిన్నెలు తోమే సబ్బు. అంచు కింద వేలు పెట్టి మరీ రుద్ది, గోడ మీద ఎండలో బోర్లిస్తాను. పదింటికి తెస్తాను. బెజవాడ ఎండని ఎవరూ మెచ్చుకోగా నేను వినలేదు గానీ, చెత్తబుట్టకి దాన్ని మించిన మందు లేదు. ఫినాయిలు నేను వాడటం మానేశాను. కంపు మీద ఇంకో కంపు, అంతకు మించి ఏమీ లేదు. బ్లీచింగ్ పౌడరు వాడేవాళ్లు వాడుకోండి గానీ ఒక్క జాగ్రత్త. మా పక్క ఫ్లాటు వదినగారు బుట్ట తళతళలాడాలని బ్లీచింగ్ పౌడరూ, బాత్రూము కడిగే యాసిడూ రెండూ కలిపి పోశారు. గుప్పున పొగ లేచింది, ఆవిడకి రెండు రోజులు దగ్గు తగ్గలేదు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. ఎప్పుడూ కలపకండి.

గాజు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు మా ఇంట్లో ఏది పగిలినా కాగితాల్లో చుట్టి, టేపు వేసి, పైన పెద్దక్షరాలతో గాజు అని రాసి, నేనే చేతికిస్తాను. శానిటరీ ప్యాడ్లు, డయపర్లు కూడా అంతే, కాగితంలో చుట్టి విడిగా. ఈ మాట చెప్పటానికి మొహమాటపడతాం. మనం పడే మొహమాటం ఖరీదు ఇంకొకరు ఒట్టి చేతులతో చెల్లిస్తున్నారు.

మా అమ్మమ్మగారిది దివిసీమలో పల్లెటూరు. ఆ ఇంట్లో చెత్తబుట్ట అన్న వస్తువే నాకు గుర్తు లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు, మిగిలిన మెతుకులు అన్నీ కుడితి గోలెంలోకి, గోలెం గేదె పొట్టలోకి. పేడా, పొయ్యి బూడిదా పెంటకుప్పకి, వేసవిలో బండ్ల మీద పొలానికి. అప్పుడంతా స్వర్గం అని నేను అనటం లేదు. ఆ కుడితి కంపూ నాకు గుర్తే, ఒక చేత్తో విసనకర్ర ఆడిస్తూ ఈగల్ని తోలుకుంటూ అన్నం తినటమూ గుర్తే. కానీ ఎవరింటి తడి వాళ్ల పెరడు దాటేది కాదు. గేదె పోయాక ఆ గోలెం స్థానంలోకి వచ్చింది ఈ బుట్ట. మనం మాత్రం ఇంకా గోలెంలో పోసినట్టే పోస్తున్నాం.

2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం పెట్టినప్పుడు ఇంటింటికీ మూడు బుట్టలిచ్చారు. ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి, ఎర్రది ప్రమాదకరమైన వాటికి. మా మెట్ల మీద ఇప్పుడు వెళ్లి చూస్తే నీలం బుట్టలో ఉల్లిపాయలు, ఎర్ర బుట్టలో తులసి మొక్క కనిపిస్తాయి. మా ఇంటి ఎర్ర బుట్టలో మా వారి స్పానర్లున్నాయి, నేనేమీ తక్కువ తినలేదు. తర్వాత ఊరంతా చెత్త పన్ను గురించే మాట్లాడుకుంది, 2024లో ప్రభుత్వం మారాక ఆ పన్నూ పోయింది. పన్ను మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా చెత్త మీద జరగలేదు. చెత్త గురించి కేంద్రం పెట్టిన 2016 నిబంధనల్లోనే ఇంటి దగ్గరే మూడు రకాలుగా వేరుచేసి ఇవ్వాలని ఉంది. ఈ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2026 నిబంధనల్లో అవి నాలుగయ్యాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. రెండే సరిగా చెయ్యని వాళ్లకి నాలుగు చెప్పారు. 120 మైక్రాన్ల కంటే పల్చటి కవర్లకి 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది కదా. మరి మన డ్రమ్ముల్లో తెల్లారేసరికి పేరుకునే ఆ నల్ల కవర్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? కరివేపాకు కట్ట కొన్నా మనమే అడిగి మరీ తెచ్చుకుంటున్నాం.

వేరు చెయ్యటం వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లకి బోయినపల్లి చెప్తాను. హైదరాబాదులో బోయినపల్లి కూరగాయల మార్కెట్లో పాడైన కూరగాయలతో గ్యాసు, కరెంటు తీస్తున్నారు. 2021 జనవరిలో ప్రధాని తన మన్ కీ బాత్‌లో కూడా దాని గురించి చెప్పారు. రోజుకి 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు. ఆ మార్కెట్లో అది కుదిరిందంటే కుళ్లిన టమాటాలో పాల ప్యాకెట్టు కలవదు కాబట్టి. గుంటూరు దగ్గర చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు కూడా ఉంది. తడి పిడకలతో పొయ్యి అంటించిన వాళ్లెవరికైనా, మనం పంపే సాంబారు నీళ్ల చెత్త అక్కడెంత బాగా మండుతుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. సూర్యాపేట, బొబ్బిలి లాంటి చిన్న ఊళ్లు ఎప్పుడో ఇంటింటికీ తిరిగి వేరు చేయించి, ఎరువు చేసి పేరు తెచ్చుకున్నాయి.

నీళ్లూ తిండీ కలిసి నిలవుంటే ఏమవుతుందో మా ఊరికి వేరే చెప్పాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మా చెల్లెలి ఇల్లు సింగ్ నగర్లో మునిగింది. నీళ్లు తీశాక వెళ్లాను. వీధి పొడుగునా ఇళ్ల ముందు ఫ్రిజ్‌లు, బియ్యం బస్తాలు. నానిన బియ్యం పులిసి పొంగి బస్తాలు పిగిలాయి. వేరే ఊళ్ల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు మోకాళ్ల లోతు బురదలో అవన్నీ ఎత్తారు. మా చెల్లెలు ఇప్పటికీ పులిసిన పిండి వాసనకి ఇడ్లీ తినదు.

తూకం వెయ్యటం మొదలుపెట్టాక ఇంకో సంగతి కూడా బయటపడింది. ఒక వారం పాటు తినగలిగే తిండిని తొక్కల్లో కలపకుండా వేరే గిన్నెలో వేశాను. చూస్తే అందులో ముక్కాలు వంతు అన్నమే. మా అమ్మాయి రాత్రి ఎనిమిదిన్నరకి ఫోను చేసి "అమ్మా, నేను బయట తినేశాను" అంటుంది. అప్పటికే అన్నం దిగి ఉంటుంది. రెండోది కొత్తిమీర. కట్ట పది రూపాయలని తేవటం, నాలుగు రెబ్బలు వాడి మిగతాది ఫ్రిజ్‌లో నల్లబరచటం. నిజానికి మా ఇంట్లో ఫ్రిజ్ అంటే చెత్తబుట్టకి వెయిటింగ్ రూమ్. ఇవాళ పారేస్తే పాపమని మూడు రోజులు అందులో పెట్టి, నాలుగో రోజు పాపం అంటకుండా పారేస్తాం.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతోంది. అందులో తొక్కలు, ఎముకలు కూడా లెక్కేననుకోండి. ఆ లెక్కన మా ముగ్గురికీ రోజుకి 450 గ్రాములు రావాలి. మా బుట్ట నీళ్లు వార్చాక కూడా 800. లెక్క చూసి మా వారు, "అంటే మనం దేశాన్ని మించిపోయాం" అన్నారు. సిగ్గేసింది. ఇప్పుడు రాత్రి అన్నం అమ్మాయి ఫోను వచ్చాకే పొయ్యి మీద పెడుతున్నాను. ఎనిమిదిన్నర దాటినా ఫోను రాకపోతే నేనే చేస్తాను. కొత్తిమీర తెచ్చిన రోజే సగం పచ్చడి నూరేస్తున్నాను. ఏప్రిల్ చివరికి 500కి దిగాం. మేలో మళ్లీ పెరిగింది, మామిడి టెంకలు. దానికి నేనేం చెయ్యలేను, రసాలు మానుకోమంటే మా ఇంట్లో విడాకులే.

తొక్కల్లో కొంత ఎరువు కూడా చేస్తున్నాను. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టుకి ఆయన డ్రిల్లుతో చుట్టూ చిల్లులు పెట్టారు. మొదటిసారి పది రోజులకే బకెట్టు మా డ్రమ్ములకి అక్కలా తయారైంది. తొక్కల మీద తొక్కలు వేశానే గానీ ఎండింది ఏదీ వెయ్యలేదు. రెండోసారి పక్కింటి బాదం చెట్టు రాల్చిన ఆకులు నలిపి, ఒక గుప్పెడు తొక్కలకి రెండు గుప్పెళ్లు ఆకులు, మధ్యమధ్య కాస్త పుల్లమజ్జిగ చిలకరించాను. మూడు రోజులకోసారి కలపాలి. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ బొట్టు రాలకూడదు. ఇక్కడా నీళ్ల దగ్గరే ఉంది కిటుకు. నాలుగో రోజు చెయ్యి పెడితే జ్వరం వచ్చినట్టు వెచ్చగా ఉంది, అంటే పని జరుగుతోందన్నమాట. మధ్యలో లావుపాటి గోధుమరంగు పురుగులు వచ్చాయి. మా అమ్మాయి వారం రోజులు వెనక వరండాలోకి రాలేదు. అవి మామూలు ఈగ పురుగులు కావు, సైనిక ఈగ అని వేరే జాతి. చెత్తని ఆవురావురుమని తింటాయి, పెద్దయ్యాక మన తిండి జోలికి రావు. రెండు నెలలకి నల్లటి పొడి చేతికొచ్చింది, పుదీనా కుండీకి వేశాను. టెంకలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి, వాటిని ఏరి పొడి చెయ్యాలంటే రోలు కావాలి.

ఇవన్నీ మా అపార్ట్‌మెంటు మీటింగులో చెప్పాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మూడో అంతస్తు ఆయన, "నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాం, చెత్త కూడా మేమే పిండుకోవాలా అమ్మా" అన్నారు. రెండో అంతస్తులో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి మాత్రం మర్నాడే వచ్చి, "ఆంటీ, ఆ చిల్లుల గిన్నె ఎక్కడ కొన్నారు" అని అడిగింది. ఇప్పటికి 16లో 9 ఇళ్లు కవరు మానేశాయి. డ్రమ్ములు ఎవరు కడగాలన్న దగ్గర కాసేపు గొడవ జరిగింది. వాచ్‌మన్ భార్య చేత ఊరికే చేయించటం నాకు నచ్చలేదు. ఇప్పుడు ఆమెకి విడిగా డబ్బులిస్తున్నాం, చేతులకి రబ్బరు తొడుగులు కొనిచ్చాం. రెండు రోజులకోసారి కడిగి ఎండలో పెడుతోంది.

ఇప్పుడు మా వంటింటి కిటికీ తెరిచే ఉంటోంది. బండితో వచ్చే ఆవిడ అరచేతిలో కుట్ల గీత అలాగే ఉంది. మొన్న మా బుట్ట తీసుకుంటూ, "ఇందులో ఏమన్నా ఉందా అమ్మగారూ, తేలిగ్గా ఉందే" అని మూత తీసి చూసుకుంది.

మూడో అంతస్తు ఆయన ఇంకా నల్ల కవరే వాడుతున్నారు, ముడి కూడా రెండేసి వేస్తున్నారు. నా నోటితో చెబితే ఆయన వినటం లేదు. ఆయనా మీ పత్రికే వేయించుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయవాడ.